1967 ఎంజీబీకి సైడ్ మిర్రర్లు: డోర్‌కు చిల్లు పెట్టే ముందు

నేపథ్యం

ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో పాత బ్రిటిష్ కార్ల రిపేరు, రెస్టొరేషన్ పని చేస్తుంటాను. ఈ కేసు ఒక 1967 ఎంజీబీ రోడ్‌స్టర్‌ది, అంటే బట్ట టాప్ ఉన్న స్పోర్ట్స్ కారుది. ఓనర్ రిటైరైన తెలుగు డాక్టరు గారు. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తరం మనిషి. పేరు, ఊరు, కారు రంగు, నంబరు రాయడం లేదు. ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

సైడ్ మిర్రర్ బిగించడానికి కూడా కేస్ స్టడీ కావాలా అని మీకు అనిపించవచ్చు. రెండు చిల్లులు, రెండు స్క్రూలు, అరగంట పని అనుకుంటారు అందరూ. నా దగ్గరికి వచ్చే ఎంజీబీల డోర్లు చూస్తే ఆ అరగంట పనులు ఎలా జరిగాయో తెలుస్తుంది. పుట్టీ పెట్టి మూసిన పాత చిల్లు, దాని పక్కనే కొత్త చిల్లు, దాని చుట్టూ పెయింట్ కింద పొంగిన తుప్పు. ఒక కారులో అయితే మిర్రర్ స్క్రూ లోపలికి ఎక్కువగా పొడుచుకొచ్చి, దించిన ప్రతిసారీ కిటికీ గ్లాసు మీద గీత గీసేది.

ఎంజీబీ 1962లో వచ్చింది, 1980 దాకా ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. అన్ని రకాలూ కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి, ఈ దేశంలో ఎక్కువగా కనిపించే పాత స్పోర్ట్స్ కార్లలో ఇదొకటి. తొలి ఏళ్లలో ఇక్కడ అమ్మిన కార్లకు బయటి మిర్రర్ అదనంగా కొనుక్కునే వస్తువు. విండ్‌స్క్రీన్ మధ్యలో నిలువుగా ఒక సన్నటి కడ్డీ ఉంటుంది, దానికి లోపలి మిర్రర్ తగిలించి ఉంటుంది. చాలామంది దానితోనే నెట్టుకొచ్చారు. అమెరికాలో 1968 జనవరి నుంచి కొత్త కార్లకు డ్రైవర్ వైపు బయటి మిర్రర్ తప్పనిసరి చేశారు. బ్రిటన్‌లో ఆ నిబంధన 1978 మధ్యలో గానీ రాలేదు, అదీ అప్పటి నుంచి రోడ్డెక్కిన కార్లకే. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేమీ చేయని కార్లకు, ఏటా చేయించే ఎంఓటీ అనే వాహన తనిఖీ కూడా 2018 నుంచి అక్కర్లేదు. అంటే ఈ కారుకు బయటి మిర్రర్ లేకపోయినా చట్టం ఏమీ అనదు. ఇప్పటి మోటార్‌వే మీద మాత్రం లేకుండా కుదరదు.

వచ్చిన సమస్య

డాక్టరు గారికి మెడ ఎముకల అరుగుదల. తల కుడికి సగం వరకే తిరుగుతుంది, ఎడమకి అంతకన్నా తక్కువ. కారుకు కుడివైపు ఒక్క మిర్రర్ ఉంది. డోర్ ముందు మూలలో ఉండే చిన్న త్రికోణపు కిటికీని ఇక్కడ క్వార్టర్ లైట్ అంటారు. ఆ క్వార్టర్ లైట్ క్రోమ్ ఫ్రేమ్‌కు క్లాంపుతో పట్టించే రకం మిర్రర్ అది. ఎక్కడా చిల్లు పెట్టనక్కర్లేదని ఎవరో ఇంతకుముందు బిగించారు. ఎడమవైపు ఏమీ లేదు.

"యాభై మైళ్లు దాటితే చాలయ్యా, వెనకొచ్చేది లారీయో గేదెల మందో తెలియదు, అంతగా వణుకుతుంది. మెడ బాగున్నప్పుడు తిరిగి చూసుకునేవాణ్ణి. ఇప్పుడు లేన్ మారాలంటే టెన్షన్" అన్నారాయన.

పైగా మిర్రర్ మెల్లగా కిందికి వాలిపోతోంది. ఇంటి దగ్గర సరిచేసుకుని బయల్దేరితే, ఊరు దాటేసరికి అందులో రోడ్డే కనిపిస్తోంది. టాప్ వేసుకుంటే ఎడమవైపు వెనక భాగం పూర్తిగా కనపడదు. బట్ట టాప్ మూల అడ్డం, వెనకున్న ప్లాస్టిక్ కిటికీ మసక. ఇక్కడ ఎడమవైపు డ్రైవింగ్ కాబట్టి, ఓవర్‌టేక్ చేసి మళ్లీ ఎడమ లేన్‌లోకి వచ్చేటప్పుడు చూడాల్సింది సరిగ్గా ఆ మూలనే.

ఆయన షరతులు రెండు. డోర్‌కు చిల్లు పెట్టకూడదు, ఎందుకంటే కొన్నేళ్ల కిందట చాలా ఖర్చుపెట్టి పెయింట్ వేయించారు. ఇక కుదిరితే 60ల నాటి ఫొటోల్లోలాగా ముందు ఫెండర్ల మీద, అంటే ముందు చక్రాల పైనుండే రేకుల మీద, గుండ్రటి క్రోమ్ మిర్రర్లు కావాలి. "మీరెన్నయినా చెప్పండి డాక్టరు గారూ, ముందు ఆ వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడనివ్వండి" అన్నాను. కొత్త మిర్రర్ పెట్టినా పాత వణుకే ఉంటే డబ్బు దండగ.

వణుకు ఎక్కడిది?

మిర్రర్ వణకడానికి మూడు కారణాలు ఉండొచ్చు: ఇంజిన్, గాలి, రోడ్డు. ఒక్కోదానికీ మందు వేరు. ఇంజిన్ అయితే మౌంటింగులు చూడాలి, రోడ్డు అయితే సస్పెన్షన్, గాలి అయితే మిర్రర్‌ను పట్టుకున్న భాగం గట్టిదనం. వీటిని విడదీయడానికి ఈ కారులో ఒక మంచి సాధనం ముందే ఉంది, లేకాక్ ఓవర్‌డ్రైవ్, అంటే స్విచ్‌తో పడే అదనపు గేరు. నాలుగో గేరులో 60 మైళ్ల వేగానికి ఈ ఇంజిన్ సుమారు 3,350 ఆర్‌పీఎం తిరుగుతుంది. స్విచ్ వేస్తే వేగం అదే ఉంటుంది, ఇంజిన్ మాత్రం సుమారు 2,700కు దిగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ముఖ్యమైన అదురు చుట్టుకు రెండుసార్లు వస్తుంది. కాబట్టి స్విచ్ వేయగానే అది సెకనుకు 112 సార్ల నుంచి 90కి మారుతుంది. వణుకుకు కారణం ఇంజినే అయితే, అంత తేడాకు మిర్రర్‌లో బొమ్మ ఎంతో కొంత మారాలి.

మారలేదు. ఓవర్‌డ్రైవ్ వేసినా తీసినా అదే వణుకు. కారు ఆపి, గేరు లేకుండా ఇంజిన్‌ను అదే 3,300 దగ్గర ఉంచితే బొమ్మ కొంచెం అదిరింది గానీ వెనకున్న కారు నంబరు చదవగలిగాను. కొత్తగా తారు వేసిన నున్నటి రోడ్డు మీద కూడా వేగం పెరిగితే వణుకు పెరిగింది. ఎదురుగాలిలో ఇంకా ఎక్కువైంది. కాబట్టి గాలే. ఆ గాలికి మిర్రర్ ఊగుతోందంటే దాన్ని పట్టుకున్నది ఏదో మెత్తగా ఉందన్నమాట.

కారు నిలిపి మిర్రర్‌ను వేలితో నెడితే సంగతి బయటపడింది. క్లాంపు గట్టిగానే ఉంది. మిర్రర్‌తో పాటు క్వార్టర్ లైట్ ఫ్రేమ్ మొత్తం కదులుతోంది. డోర్ లోపలి ట్రిమ్ విప్పి చూశాను. ఈ ఫ్రేమ్‌కు డోర్ లోపలికి దిగే కాళ్లు ఉంటాయి. వెనక కాలు కిటికీ గ్లాసు పైకీ కిందికీ జారే గాడి కూడా. ఆ కాళ్ల కింది బోల్టులు వదులయ్యాయి. బిగించాక మిర్రర్ వాలడం ఆగింది. వణుకు తగ్గింది గానీ పోలేదు. 60 దాటితే మళ్లీ అదే కథ.

అక్కడితో వదిలేయొచ్చు. కానీ ఎంజీబీ డోర్లకు ఒక పేరుమోసిన జబ్బు ఉంది. క్వార్టర్ లైట్ వెనక కాలు డోర్‌లోకి దిగే చోట, డోర్ రేకు పై అంచు నుంచి సన్నటి పగులు మొదలై కిందికి పాకుతుంది. ఫ్రేమ్ కదిలిన ప్రతిసారీ ఆ ఒక్క చోటే రేకు మీద భారం పడుతుంది. డోర్ వేసేటప్పుడు హ్యాండిల్ దగ్గర కాకుండా క్వార్టర్ లైట్ పట్టుకుని లాగే అలవాటు దీన్ని పెంచుతుంది. ఆ చోట టార్చి పక్కనుంచి వేసి చూస్తే, కుడి డోర్ పెయింట్‌లో వెంట్రుక లాంటి గీత కనిపించింది. గోరు పెడితే తగులుతోంది. పెయింట్ కింద పాత పగులు మళ్లీ తెరుచుకుంటోంది. దానికి క్లాంపు మిర్రరే కారణమని నిరూపించలేను. అయితే ఇప్పటికే బలహీనంగా ఉన్న ఫ్రేమ్ చివర గాలికి ఊగే బరువు వేలాడదీయడం మాత్రం దానికి మేలు చేసే పని కాదు.

దీంతో కేసు తిరిగిపోయింది. చిల్లు వద్దన్న షరతుకు అసలు కారణం పెయింట్. పగులు బాగుచేయాలంటే కుడి డోర్ పై భాగానికి ఎలాగూ పెయింట్ తప్పదు. ఈ మాట వెంటనే చెప్పలేదు. ముందు ఆయన కోరుకున్న ఫెండర్ మిర్రర్లను నిజాయితీగా పరీక్షించి చూపించాలనుకున్నాను. నా మాట మీద ఒప్పుకుంటే తర్వాత అసంతృప్తి మిగులుతుంది, కళ్లారా చూస్తే మిగలదు.

ఫెండర్ మీద పెట్టి చూస్తే

దీనికి డ్రిల్లు అవసరం లేదు. రబ్బరు తొడుగున్న గట్టి మాగ్నెట్‌కు ఒక మిర్రర్ బిగించి పెట్టుకున్నాను. కింద మెత్తటి బట్ట వేసి కారు మీద ఎక్కడైనా నిలబెట్టొచ్చు. ఎంజీబీ తొలి కార్ల బానెట్ అల్యూమినియం కాబట్టి దాని మీద నిలవదు, ఫెండర్లూ డోర్లూ ఉక్కు రేకే. డాక్టరు గారిని ఆయన ఎప్పుడూ కూర్చునేలా కూర్చోబెట్టి, సీటు ఆయన స్థానంలోనే ఉంచి, వెనక 30 మీటర్ల దూరంలో ఒక కారు నిలిపాను.

ఇక్కడ కాస్త లెక్క అవసరం. 100 మి.మీ. వెడల్పున్న సమతల మిర్రర్ కంటికి 600 మి.మీ. దూరంలో ఉంటే, వెనక సుమారు తొమ్మిదిన్నర డిగ్రీల మేర కనిపిస్తుంది. అదే మిర్రర్‌ను ఫెండర్ మీద, అంటే కంటికి సుమారు 1,350 మి.మీ. దూరంలో పెడితే నాలుగు డిగ్రీలకు పడిపోతుంది. 30 మీటర్ల వెనక అది రెండు మీటర్ల పైచిలుకు వెడల్పు మాత్రమే. మోటార్‌వే లేన్ వెడల్పు 3.65 మీటర్లు. అంటే ఒక లేన్ కూడా పూర్తిగా పట్టదు.

అందుకే ఫెండర్ మిర్రర్లకు కుంభాకార గ్లాసు వేస్తారు. 1,200 మి.మీ. వంపు వ్యాసార్ధం ఉన్న గ్లాసు అయితే, ఎంత దూరంలో పెట్టినా అదనంగా మరో తొమ్మిదిన్నర డిగ్రీలు కలుస్తాయి. వెడల్పు సమస్య తీరినట్టే. కానీ బొమ్మ చిన్నదవుతుంది. కంటికి 600 మి.మీ. దూరంలో ఆ గ్లాసు వెనక కారును సమతల మిర్రర్‌లో కనిపించే దానిలో సగం సైజుకు తగ్గిస్తుంది. 1,350 దగ్గర మూడో వంతు కన్నా తక్కువకు. ఎడమ ఫెండర్ దూరం ఇంకా ఎక్కువ, 1,700 ఉంటుంది. అక్కడ సుమారు నాలుగో వంతు.

ఇవన్నీ ఆయనకు చెప్పలేదు. 30 మీటర్ల వెనకున్న కారును ఫెండర్ మిర్రర్‌లో చూడమన్నాను. చాలాసేపు చూశారు. "ఉన్నట్టుంది" అన్నారు. ఫెండర్ మిర్రర్‌కు ఒక నిజమైన లాభం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. అది దాదాపు ఎదురుగా ఉంటుంది కాబట్టి తల తిప్పే పని తక్కువ, మెడ నొప్పి ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. కానీ తల తిప్పకుండా చూసినా అక్కడ కనిపించేది చుక్క. ఇంకో చిక్కు, సీట్లోంచి దాన్ని సర్దలేం. ఎడమది సర్దాలంటే బయట ఒక మనిషి నిలబడి ఆయన చెప్పినట్టు తిప్పాలి. ఆయన ఎక్కువగా ఒంటరిగానే నడుపుతారు.

ఫెండర్ల ఆలోచన అలా ముగిసింది. ఆ వెంటనే ఆయన ఇంకో దారి చెప్పారు: డబుల్ సైడ్ టేపుతో డోర్‌కు అంటిద్దాం. ఇప్పటి కార్ల ట్రిమ్‌లు ఆ టేపుతోనే నిలబడుతున్నాయి కదా అన్నది ఆయన వాదన. ఎడమ డోర్ మీద ప్రయత్నించాం. ట్రిమ్ పట్టీ పొడవుగా, వంగేలా ఉంటుంది, బరువు ఉండదు. మిర్రర్ బేస్ చిన్నది, గట్టిది, పైన బరువు, దాని మీద గాలి. ఎంజీబీ డోర్ పై భాగం రెండు దిక్కులా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి బేస్ అంచులు మాత్రమే ఆనాయి. ఎండ బాగా కాసిన రోజున అది మెల్లగా పక్కకు జరగడం మొదలుపెట్టింది. రాలి పడకముందే తీసేశాం.

అప్పుడు కుడి డోర్ పగులు చూపించాను. "ఎలాగూ పెయింట్ తప్పదు డాక్టరు గారూ. చిల్లు పెట్టేదేదో పెయింట్‌కు ముందే పెడదాం." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆపరేషన్ ఎలాగూ చేస్తున్నప్పుడు రెండూ ఒకేసారి కానివ్వు" అన్నారు.

ఎక్కడ చిల్లు?

ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించింది ఇక్కడే. మిర్రర్ స్థానాన్ని నాలుగు విషయాలు నాలుగు వైపులకు లాగుతాయి.

మొదటిది కిటికీ గ్లాసు. దించినప్పుడు అది క్వార్టర్ లైట్ వెనక కాలికి వెనకవైపు, డోర్ లోపల దిగుతుంది. స్క్రూ మొన ఆ దారిలోకి రాకూడదు. వెనక కాలికి ముందువైపు, అంటే క్వార్టర్ లైట్ కిందుగా ఉన్న డోర్ భాగం లోపల మాత్రం ఖాళీ. అక్కడ చెయ్యి పెట్టి ప్లేటు బిగించడానికి కూడా వీలుంటుంది.

రెండోది పగులు వచ్చే చోటు. వెనక కాలి దగ్గర రేకు పై అంచుకు దగ్గరగా ఏ చిల్లూ పెట్టకూడదు. పగులుకు చిల్లు ఆహ్వానం లాంటిది.

మూడోది చూపు. కంటి నుంచి మిర్రర్ దాకా గీసిన గీతకు క్వార్టర్ లైట్ వెనక నిలువు పట్టీ అడ్డం రావచ్చు. ఆ పట్టీ మన రెండు కళ్ల మధ్య దూరం కన్నా సన్నం కాబట్టి మిర్రర్ పూర్తిగా మాయమవదు. అయినా ఒక్కో కంటికి ఒక్కో ముక్క తెగి చికాకు పుడుతుంది. పట్టీకి వెనకగా మిర్రర్ పెడితే చూపు సాఫీగానే ఉంటుంది. కానీ తల ఇంకా ఎక్కువ తిప్పాలి, పైగా స్క్రూలు గ్లాసు దారిలోకి వస్తాయి. కాబట్టి పట్టీకి ముందుగా, క్వార్టర్ లైట్ గ్లాసులోంచే మిర్రర్ పూర్తిగా కనిపించేలా పెట్టాలి. వానలో ఆ గ్లాసు మీద నీళ్లుంటే కాస్త మసక. వానలో ఈ కారు తీయనన్నారు కాబట్టి దాన్ని ఒప్పుకున్నాం.

నాలుగోది చాలామంది మర్చిపోయేది. క్వార్టర్ లైట్ తెరుచుకుంటుంది. తెరిస్తే దాని వెనక అంచు బయటికి వస్తుంది. ఎంజీబీలో కాళ్ల దగ్గర ఇంజిన్ వేడి బాగా ఉంటుంది కాబట్టి డాక్టరు గారు దాన్ని ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచుతారు. మాగ్నెట్ మిర్రర్‌ను అక్కడ నిలిపి క్వార్టర్ లైట్ తెరిచి చూస్తే, దాని అంచు మిర్రర్ గ్లాసు కూర్చునే గిన్నెకు తగిలింది. గిన్నె ఇంకాస్త బయటికి ఉండాలి, అంటే బేస్‌కూ గిన్నెకూ మధ్య చెయ్యి పొడవుగా ఉన్న మిర్రర్ కావాలి. చెయ్యి పొడవైతే గాలి ఒత్తిడికి రేకు మీద పడే మెలి పెరుగుతుంది. మళ్లీ వణుకు దగ్గరికే వచ్చాం.

డోర్ పై రేకు ఒక మి.మీ. మందం కూడా ఉండదు. దానికి నేరుగా స్క్రూ బిగిస్తే, మిర్రర్ ఎంత మంచిదైనా ఆ రేకు ఊగుతుంది. అందుకే లోపలివైపు 1.6 మి.మీ. ఉక్కు ప్లేటు ఒకటి చేశాను. అరచేతిలో సగం ఉంటుంది. డోర్ వంపుకు తగ్గట్టు చెక్క దిమ్మ మీద సుత్తితో వంచి, తుప్పు పట్టకుండా ప్రైమర్ కొట్టి, స్క్రూలకు దానికే నట్లు వెల్డ్ చేశాను. లోపలి నుంచి పాలీయురెథేన్ సీలెంట్‌తో రేకుకు అంటించాను. మిర్రర్ బరువు రెండు చిల్లుల మీద కాకుండా ప్లేటంతా పరుచుకుంటుంది. అల్యూమినియం ప్లేటు తేలిక, చేయడం సులువు. కానీ ఉక్కు డోర్ లోపల తడికి రెండు లోహాలు కలిసి తుప్పు పెంచుతాయి కాబట్టి వద్దనుకున్నాను.

పనిలో ముందు పగులు. దాని కొస ఎక్కడుందో పెయింట్ తీసి చూసి, అక్కడ చిన్న చిల్లు పెట్టి ఆపాం. పదునైన కొస లేకపోతే పగులు ముందుకు పాకదు. తర్వాత రేకు వేడికి ముడత పడకుండా ఆగి ఆగి టిగ్ వెల్డింగ్. ఆ తర్వాతే మిర్రర్ చిల్లులు. డోర్ లోపల పాత బట్టలు పరిచి, డ్రిల్ బిట్‌కు గ్రీజు రాశాం. ఇనుప రజను డోర్ అడుగున పడితే నీళ్లు పోయే రంధ్రాల దగ్గర చేరి అక్కడే తుప్పు పుట్టిస్తుంది. చిల్లు అంచులు నున్నగా చేసి జింక్ ప్రైమర్ పెట్టాక డోర్ పెయింటర్ దగ్గరికి వెళ్లింది. ఎడమ డోర్‌కు పెయింట్ పని లేదు. అక్కడ టేపు అంటించి, సన్న బిట్‌తో మొదలుపెట్టి మెట్ల బిట్‌తో పెద్దది చేసి, అంచుకు బ్రష్‌తో ప్రైమర్ పెట్టాను. రెండువైపులా బేస్ కింద రబ్బరు గాస్కెట్ ఉంది. ఈ బేస్‌లు జింక్ మిశ్రమంతో పోతపోసినవి, ఉక్కు రేకును నేరుగా తాకకూడదు.

ఎడమ మిర్రర్ మెలిక

రెండు మిర్రర్లూ చూడ్డానికి సమానంగా, ఒకే చోట ఉండాలని డాక్టరు గారి కోరిక. కుడి, ఎడమ ఒకేలా పెడితే అందంగా ఉంటుంది, నిజమే. కానీ డ్రైవర్ మధ్యలో కూర్చోడు.

మిర్రర్ కంటికి 450 మి.మీ. ముందు ఉందనుకోండి. కుడి మిర్రర్ పక్కకు సుమారు 420 ఉంటుంది, ఎడమది 1,130. నేరుగా వెనకున్నది కనిపించాలంటే కుడి మిర్రర్‌ను డ్రైవర్ వైపు 21 డిగ్రీల పైన తిప్పాలి. ఎడమదాన్ని 34. ఈ మిర్రర్‌లో గిన్నె తిరిగే బంతి కీలు 25 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. అంటే ఎడమవైపు ఎంత తిప్పినా ఆయనకు కనిపించేది పక్క పొలాలే. ఎడమ మిర్రర్ ఎందుకూ పనికిరాదని చాలామంది ఓనర్లు చెప్పే మాటకు కారణం చాలాసార్లు ఇదే.

ఇంకా ముందుకు జరిపితే కోణం కొంచెం తగ్గుతుంది, 150 మి.మీ. జరిపినా అయిదు డిగ్రీలు కూడా రావు, పైగా సమానత్వం పోతుంది. బదులుగా బేస్ కిందికి నల్లటి గట్టి ప్లాస్టిక్‌తో 12 డిగ్రీల వాలున్న దిమ్మ ఒకటి మలిచాను. బయటి నుంచి చూస్తే గాస్కెట్ కాస్త మందంగా ఉన్నట్టు కనిపిస్తుందంతే. చిల్లులు రెండువైపులా ఒకే చోట ఉన్నాయి.

గ్లాసు విషయంలో ఆయన కుడివైపు సమతలం అడిగారు, దూరం సరిగ్గా తెలుస్తుందని. మెడ తిరిగే మనిషి అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. సమతలం తొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మిగతాది భుజం మీదుగా చూసుకోవాలి. ఆయన చూసుకోలేరు. కుంభాకారం అయితే అది 19 అవుతుంది. లోపలి మిర్రర్ సమతలమే కాబట్టి, వెనక బండి ఉందా లేదా అన్నది బయటి మిర్రర్‌లో, ఎంత దూరంలో ఉందన్నది లోపలి మిర్రర్‌లో చూసుకోమన్నాను. రెండువైపులా కుంభాకారమే వేశాం. కుడివైపు సగానికి, ఎడమవైపు ఇంకా చిన్నగా తగ్గిన బొమ్మకు అలవాటు పడేదాకా, కనిపించిన దానికన్నా బండి దగ్గర ఉందనే అనుకోవాలని గట్టిగా చెప్పాను.

ఫలితం

కుడి మిర్రర్ 70 మైళ్ల దగ్గర కూడా నిలకడగా ఉంది. ఎడమది మాత్రం మొదట 55 దగ్గర సన్నగా అదిరింది. ప్లేటు సరిగా అంటలేదేమోనన్న అనుమానం వచ్చింది. డాక్టరు గారు నడుపుతుంటే పక్క సీట్లోంచి గిన్నెను వేళ్లతో గట్టిగా పట్టుకున్నాను. గిన్నె కదలడం లేదు, లోపల బొమ్మ ఇంకా అదురుతోంది. అంటే గిన్నెలో మిర్రర్ గ్లాసే వదులు. కొత్తగా తయారవుతున్న పాత మోడల్ మిర్రర్లలో ఇది తరచూ చూస్తాను. గ్లాసు తీసి వెనక మూడు చోట్ల సిలికాన్ చుక్కలు పెట్టి నొక్కాను, అదురు పోయింది. ఆ పట్టుకుని చూసే పరీక్ష చేయకపోతే ట్రిమ్ విప్పి, అంటిన ప్లేటు పీకి, లేని తప్పు కోసం వెతికేవాణ్ణి.

మోటార్‌వే మీదికి ఆయన మళ్లీ వెళ్తున్నారు. కుడి డోర్ పగులు చోటును సర్వీసుకు వచ్చినప్పుడల్లా టార్చితో చూస్తున్నాను, గీత మళ్లీ రాలేదు. క్వార్టర్ లైట్ పట్టుకుని డోర్ వేయొద్దని ఆయనకే కాదు, ఇంట్లోవాళ్లకూ చెప్పించాను.

ఈ కేసు తర్వాత వేరే కార్లకు

మిర్రర్ పని అడిగినవాళ్లను ఇప్పుడు ముందు సీట్లో కూర్చోబెడుతున్నాను. ఎత్తు, సీటు స్థానం, టాప్ వేసుకుంటారా లేదా, మెడ ఎంత తిరుగుతుంది, ఇవన్నీ అడిగాకే మాగ్నెట్ మిర్రర్ బయటికి తీస్తాను. భార్యాభర్తలిద్దరూ నడిపే కారు అయితే ఇద్దరినీ కూర్చోబెడతాను. ఇద్దరికీ సరిపోయే చోటు ఒక్కోసారి దొరకదు. అప్పుడు ఎక్కువ నడిపేవాళ్ల కంటికే పెట్టి, రెండోవాళ్లకు కీలు ఎంతవరకు తిరుగుతుందో చూపిస్తాను.

పై కొలతలను మాత్రం వేరే కార్లకు యథాతథంగా వాడొద్దు. ఎంజీబీకి ముందొచ్చిన ఎంజీఏ రోడ్‌స్టర్‌కి డోర్‌లోకి దిగే కిటికీ గ్లాసే ఉండదు, విడిగా తగిలించే సైడ్ స్క్రీన్లు ఉంటాయి. అక్కడ గ్లాసు గొడవ లేదు, స్క్రీన్ అంచు చూపుకు అడ్డం వస్తుంది. ఎంజీ వాళ్ల చిన్న కారు మిడ్జెట్‌లో 1964కు ముందువీ అంతే. జాగ్వార్ ఇ-టైప్‌లో ఫెండర్లతో సహా ముందు భాగమంతా ఒకే ముక్కగా ముందుకు లేస్తుంది, ఫెండర్ మీద మిర్రర్ పెడితే దానితో పాటే లేచి పడుతుంటుంది. స్థానం మారినా, వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు తేల్చుకోవడం, రేకు వెనక ప్లేటు, ఎడమవైపు కోణం లెక్క, ఈ మూడూ ఏ కారుకైనా పనికొస్తాయి.

డాక్టరు గారికి ఇంకా ఒక ఫిర్యాదు మిగిలే ఉంది. కారు కడిగించిన ప్రతిసారీ ఎడమ మిర్రర్ కదిలిపోతుంది, సీట్లోంచి చెయ్యి అందదు. కీలు బిగువు పెంచితే నిలుస్తుంది గానీ, ఎవరైనా దారిన పోతూ తగిలితే గిన్నె మడవకుండా డోర్ రేకునే లాగుతుంది. కాబట్టి దాన్ని వదులుగానే ఉంచాను. కడిగించాక ఒకసారి దిగి సర్దుకోమన్నాను. సణుగుతూనే సర్దుకుంటున్నారు.